తరాజులో ఆడబిడ్డ

కిందటి వారం మనం సుకన్యను హనుమకొండ చౌరస్తాలో వదిలేశాం. పొద్దు పొడవగానే వాకర్స్ క్లబ్బు వాళ్ళు బస్సులు పెట్టి, జనాన్ని పోగేసి, ఆమె చీర మీదనే ఒక తెల్ల టీషర్టు తొడిగి, బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఆ టీషర్టు మీద ఉన్నది ఆమె బొమ్మే. బొమ్మ కింద ఎర్ర అక్షరాలు: ‘భర్తకు ప్రాణం పోస్తున్న సుకన్యమ్మకు వందనం’. బస్సుల నిండా అవే టీషర్టులు. తన మొహం తన పొట్ట మీదే కాక ముక్కూ మొహం తెలియనివాళ్ళ పొట్టల మీద కూడా నవ్వుతుంటే ఎక్కడ చూడాలో తెలియక ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. బస్సు ములుగు దారి పట్టింది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. సుకన్య కాజీపేట రైల్వే గ్యాంగ్‌మన్ కూతురు. వరంగల్ కొత్తవాడకు కోడలుగా వచ్చాక జంపఖానాలు నేయడం నేర్చుకుంది. భర్త హరికృష్ణకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. డయాలసిస్ మీద బతుకు నడుస్తోంది. సోమవారం హైదరాబాదు దవాఖానలో డాక్టర్ల కమిటీ ముందు సుకన్య ఒక్కతే కూర్చుని ‘నా ఇష్టంతోనే కిడ్నీ ఇస్తున్న’ అని చెప్పాలి. ఆ మాట ఆమె నోటి నుంచి వస్తేనే ఆపరేషన్. రాకపోతే లేదు.

ఇస్తానని ఆమె ఊరికే అనలేదు. పొట్ట మీద కోత పడ్డాక మగ్గం గుంటలో కూర్చుని నేయగలనా, నేయలేకపోతే కూతురు నవనీత గతేమిటి అని ఎన్నో రోజులు లోపల్లోపల నలిగింది. చివరికి ఒక్క మాట మీద ఒప్పుకుంది: హరి రక్తం పంచుకున్నవాళ్ళలో ఎవరిదీ కలవకపోతేనే తనది. అత్త లింగమ్మకు సుగరు, ఆమెది పనికిరాదు. మిగిలింది ఆడబిడ్డ రమ. రమకు పరీక్షలు చేయించారు, కలవలేదన్నారు. “నాది కలవలేదు వదినె” అని రమ వెక్కివెక్కి ఏడిస్తే, సుకన్యే తన కొంగుతో ఆమె కళ్ళు తుడిచి, అన్నం తినిపించి, అత్తగారింటికి బస్సెక్కించింది. ఆ కన్నీళ్ళు గుర్తుపెట్టుకోండి. వాటితో ఇవాళ పని పడుతుంది.

బస్సులు అడవి మొదట్లో ఆగాయి. నడక అక్కడి నుంచి. అడవి మధ్యలో ఒక చిన్న గూడెం, గూడెం చివర సమ్మక్క సారలమ్మల గద్దె. అక్కడిదాకా నడిచి, టిఫిను తిని, ఉపన్యాసాలు విని తిరిగి రావడం. హరికృష్ణ నడవలేడు కాబట్టి పూలదండ కట్టిన జీపులో ముందే పోయాడు. లింగమ్మ, రమ అదే జీపులో అతని వెంట పోయారు. సన్మానం జరగాల్సిన మనిషి మాత్రం అందరికన్నా ముందు బ్యానరు పట్టుకుని నడవాలట. అది క్లబ్బు అధ్యక్షుడు కుమారస్వామి ఏర్పాటు. ఆయనకు ఊళ్ళో రెండు ఫంక్షన్ హాళ్ళున్నాయి. పెళ్ళయినా, వర్ధంతి అయినా, ఆయన చేతిలో పడితే ఒక్కలాగే జరుగుతుంది.

“అమ్మా సుకన్యా, జర నవ్వుకుంట నడువు. వీడియో తీస్తాన్రు” అన్నాడాయన చేతిమైకు దించి.

సుకన్య నవ్వింది. నవ్వమంటే నవ్వడం ఆమెకు ఈ నెల రోజుల్లో బాగానే అలవాటైంది.

ఫాల్గుణమాసపు అడవి. టేకుచెట్లు ఆకంతా రాల్చి బోసిగా నిలబడ్డాయి. వాటి మధ్య మోదుగలు ఒంటి మీద ఆకన్నది లేకుండా ఎర్రటి పూలతో మండుతున్నాయి. ఎండుటాకుల మీద అంతమంది బూట్లు పడి అడవి అంతా ఒకటే చప్పుడు. చూడడానికి కళ్ళు చాలని అందం అది. చూసేవాళ్ళకే తీరిక లేదు. సెల్ఫీల కోసం మోదుగ కొమ్మలు వంచుతున్నారు, విరుస్తున్నారు, విరిగింది పారేసి ఇంకోటి వంచుతున్నారు. ఎండ ఇంకా పదునెక్కలేదు. ఎక్కడినుంచో ఇప్పపువ్వు తియ్యటి వాసన వస్తోంది.

క్లబ్బు ఆడవాళ్ళు వంతులవారీగా వచ్చి సుకన్య పక్కన నడిచారు.

“ఏ వైపుది తీస్తరమ్మా?” అంటూ ఒకామె, సంతలో సొరకాయ చూసినట్టు, సుకన్య నడుము మీద చెయ్యి వేసి నొక్కింది. “ఇటా, అటా?”

“నాకు చెప్పలేదమ్మా.”

“నీది ఎంత పెద్ద మనసు. మా ఆయనకైతే నేను ఇయ్యనంటే ఇయ్య. పెట్టిన కూరకు వంకలు పెడ్తడు, వానికి కిడ్నీ ఎందుకు” అని ఆమె పక్కవాళ్ళతో పాటు తనూ నవ్వి, సుకన్య భుజం మీద చెయ్యేసి ఫోటో దిగి ముందుకు పోయింది.

సుకన్య తల దించి తన టీషర్టు మీది బొమ్మనే చూసుకుంది. తలకిందులుగా కనిపిస్తోంది. ఎడమ కనుబొమ్మ మీద ఆమెకు చిన్న మచ్చ ఉంది. తాగిన మత్తులో హరి మగ్గం మీద పోగు నడిపే నాడె తీసి విసిరితే చీరుకుపోయిన గుర్తు అది. ఆ దెబ్బతోనే కూతుర్ని తీసుకుని కాజీపేట పోయింది. తిరిగి రాననుకుంది. అతనికి కిడ్నీలు పోయాయని తెలిశాక, మంచంలో పడ్డ మనిషి మీద కోపమేంటని తల్లి చెబితే వచ్చింది. బొమ్మలో ఆ మచ్చ లేదు. ఫోటోగ్రాఫరు శుభ్రంగా చెరిపేశాడు. త్యాగమూర్తి మొహం మీద మచ్చేమిటని అనుకున్నాడు కాబోలు.

దారి పక్కన ఇప్పచెట్ల కింద గూడెం ఆడవాళ్ళు పువ్వు ఏరుతున్నారు. రాత్రి రాలిన పువ్వు ఎండ ముదరకముందే ఏరుకోవాలి. అందుకోసం చెట్టు కింద ఎండాకు ముందే కాల్చి, ఊడ్చి, నేలను వాకిలిలా చేసి పెట్టుకున్నారు. ఇంత చదునైన చోటు కనిపిస్తే పట్నం జనం ఊరుకుంటారా. చాపలు పరిచి కూర్చున్నారు కొందరు. కొందరు అడ్డంగా నడిచారు. తెల్లటి పువ్వు బూట్ల కింద చితికి నేలకు అంటుకుపోయింది.

“జర పక్కకు నడువుండ్రి అయ్యా. పువ్వు తొక్కుతాన్రు” అంది ఒక ముసలామె బుట్ట చంకన పెట్టుకుని. ఎవరూ వినిపించుకోలేదు. సుకన్య ఒక్కతే బ్యానరు వదిలేసి, చెప్పులు చేతిలో పట్టుకుని, పువ్వు లేని చోటు చూసి అడుగేసింది. ముసలామె ఆమె పాదాల నుంచి పైకి చూస్తూ టీషర్టు దగ్గర ఆగింది. చాపల మీద కూర్చున్నవాళ్ళ పొట్టల వైపు చూసింది. మళ్ళీ బొమ్మ చూసింది.

“ఎవలు సచ్చిపోయిన్రు బిడ్డా?” అని అడిగింది జాలిగా.

“ఎవలు సావలేదమ్మా. ఇది నేనే.”

“బతికుండంగనే బొమ్మ ఏసుకున్నరా?” అని ముసలామె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆమె పేరు బక్కమ్మ. గూడెం గద్దె దగ్గర మొక్కులు చెల్లించేవాళ్ళకు తరాజు కట్టేది ఆమే. “జీపుల అచ్చినోళ్ళు మీవోళ్ళేనా? బంగారం ఎత్తాలన్నరు. పోవాలె నేను” అని బుట్ట ఇంకొకరికి ఇచ్చి అడ్డదారిన గబగబా పోయింది.

బంగారమంటే బెల్లమని మన వైపు వాళ్ళకు చెప్పక్కరలేదు. మనిషిని తరాజులో కూర్చోబెట్టి, ఎదుటి పళ్ళెంలో సరితూగేదాకా బెల్లం పేర్చి, ఆ బెల్లం తల్లికి ఇవ్వడం. ‘మొక్కేమిటి, అత్త నాతో అననేలేదే’ అనుకుంది సుకన్య. కొడుకు కోసం ఏదైనా మొక్కుకుని ఉంటుందిలే అని సర్దుకుంది. తల్లి ప్రాణం కదా అని జాలి కూడా పడింది. జాలిపడడంలో ఈమెను మించినవాళ్ళు లేరు. అదే ఆమె కొంప ముంచింది.

గూడెం చేరేసరికి షామియానా కింద మోదుగ విస్తళ్ళలో ఉప్మా పెడుతున్నారు. వేదిక మీద కుమారస్వామి మైకు సరిచేసుకుంటున్నాడు. జీపు చెట్టు నీడలో ఆగి ఉంది. హరి లోపల పడుకున్నాడేమో, కనిపించలేదు. కాళ్ళకంటిన బూడిద కడుక్కోవడానికి సుకన్య బోరింగు దగ్గరికి వెళ్ళింది. బోరింగు గద్దెకు వెనకవైపు ఉంది. అక్కడినుంచి చూస్తే గద్దె పక్కన చింతకొమ్మకు కట్టిన తరాజు కనిపిస్తుంది. తరాజు పళ్ళెంలో హరి లేడు.

రమ ఉంది.

కొత్త చీర, నుదుట పసుపు బొట్టు, మెళ్ళో బంతిపూల దండ. కాళ్ళు ముడుచుకుని పళ్ళెం తాళ్ళు పట్టుకుని కూర్చుంది. లింగమ్మ ఎదుటి పళ్ళెంలో బెల్లం ముద్దలు పేరుస్తూ, “ఒళ్ళు చేసినవే పొల్లా, ఇంక పట్టేటట్టున్నది” అంటే రమ సిగ్గుపడి నవ్వింది. పళ్ళేలు సరితూగాయి. అప్పుడు బక్కమ్మ గద్దె వైపు తిరిగి, కొంగు నడుముకు చుట్టి, ఆ గూడెంలో తల్లికి మొక్కు అప్పజెప్పే పద్ధతిలో గొంతెత్తింది.

“వనంల ఉన్న తల్లీ. కొత్తవాడ లింగమ్మ బిడ్డ, పేరు రమ. కత్తిగండం తప్పిచ్చినవ్. ఒళ్ళుకు ఒళ్ళు బంగారం తెచ్చిన్రు. ఒప్పుకో తల్లీ.”

బోరింగు పిడి సుకన్య చేతిలో అలాగే ఉండిపోయింది.

మొక్కుల సంగతి ఆమెకు బాగా తెలుసు. చిన్నప్పుడు విషజ్వరం తగ్గితే తల్లి ఆమెను ఇలాగే మేడారంలో తరాజులో కూర్చోబెట్టింది. ఎవరి ఆపదకు మొక్కితే వాళ్ళే కూర్చోవాలి. ఆపద తప్పాకే కూర్చోవాలి. తప్పాక ఆ దేవత గడపదాకా వచ్చి చెల్లించకుండా పోతే పోయిన ఆపద మళ్ళీ ఇల్లు వెతుక్కుంటూ వస్తుందంటారు. లింగమ్మ భయం అదే. మనుషులతో అబద్ధాలాడడానికి ఆ మహాతల్లి నోరు ఎన్నడూ తడబడలేదు. దేవతతో మాత్రం ఆడలేకపోయింది. కోడలు రైలుకట్ట పక్కన పెరిగిన పిల్ల, బ్యానరు పట్టుకుని ఎక్కడో వెనక వస్తోంది, వచ్చినా ఏం తెలుస్తుందిలే అనుకుంది.

రమకు కత్తిగండమేమిటి? కలవని కిడ్నీకి కత్తి ఎందుకు? సుకన్య తడికాళ్ళతోనే నడిచి తరాజు ముందు నిలబడింది.

“ఎవరి మొక్కు అత్తా ఇది?”

లింగమ్మ చేతిలో బెల్లం ముద్ద కిందపడింది. మరుక్షణమే సర్దుకుంది. “హరిదే బిడ్డా. వాడు తరాజుల కూసునే తీర్గ ఉన్నడా? అందుకని చెల్లెను కూసోబెట్టిన.”

“ఆయనకు ఇంక ఆపరేషనే కాలేదు. ఏ ఆపద తప్పిందని చెల్లిస్తానవ్?”

“సోమారం ఒప్పుకుంటవ్ గద. తప్పినట్టే.”

“తప్పకముందే బంగారం ఎత్తిస్తరా ఎవలన్న?”

బక్కమ్మ మధ్యలో కల్పించుకుంది. పాపం, ఆమెకు ఈ ఇంటి కథ ఏం తెలుసు. “గట్ల ఒకల మొక్కుకు ఇంకొకలు కూసోరు బిడ్డా. ఈమె ఆ పిల్ల పేరే చెప్పింది నాకు. గండం గూడ ఈమెనే చెప్పింది.”

“నువ్వు నీ పని చూసుకో ముసల్దానా” అంది లింగమ్మ.

సుకన్య రమ వైపు తిరిగింది. రమ తరాజులోంచి దిగడానికి చూస్తోంది, తాళ్ళు ఊగి దిగలేకపోతోంది.

“రమా. నీది కలిసిందా?”

రమ వాళ్ళమ్మ మొహం వైపు చూసింది. అంతే. ఇంక జవాబుతో పనిలేదు. కొంగుతో తుడిచిన ఆ కన్నీళ్ళన్నీ సుకన్యకు ఒక్కసారి గుర్తొచ్చాయి. కోపం కన్నా ముందు సిగ్గు వేసింది ఆమెకు. అన్నం కలిపి ముద్దలు పెట్టింది కదా, ఆ ముద్దలు మింగుతూ లోపల ఎంత నవ్వుకుని ఉంటారో అని చెప్పలేనంత సిగ్గు.

“కలిసింది” అంది లింగమ్మ. దాచడానికి ఇంకేమీ మిగలలేదని తెలిశాక ఆమె గొంతులో తడబాటు కూడా పోయింది. “మంచిగ కలిసింది. నీ దానికన్న మంచిగ కలిసిందన్నడు డాక్టరు. అయితేంది? ఒక కన్ను మంచిగ చేసుకునేటందుకు ఇంకో కన్ను పొడుసుకుంటరా? వాడు నా కొడుకు, ఇది నా బిడ్డ.”

“మరి నేను?”

“నువ్వు కోడలివి. ఇంటికి అచ్చినదానివి ఇంటికి అక్కెరకు రావాలె. కోడలు పోతే ఇంకో కోడలు అస్తది. బిడ్డ పోతే మళ్ళ కనే ఈడా నాది?”

ఈ మాట ఆమె అరిచి అనలేదు. బియ్యం ధర చెప్పినట్టు మామూలుగా అంది. అందుకే సుకన్యకు గుండెలో దిగిపోయింది.

“నేను పోతే నవనీతకు ఎవలున్నరు అత్తా?”

“ఎందుకు పోతవ్? ఒక్కదాంతోని గూడ నూరేండ్లు బతుకుతరని డాక్టరు చెప్పలేదా?”

“చెప్పిండు. మరి రమ గూడ బతుకుతది గద ఒక్కదాంతోని.”

లింగమ్మ వంగి, రాలిన బెల్లం ముక్కలు ఏరి పళ్ళెంలో పెట్టసాగింది. రమ ఏడుస్తూ “వదినె, వదినె” అంటోంది. ఈసారి సుకన్య కొంగు ఆమె కళ్ళ వైపు పోలేదు.

షామియానాలో కుమారస్వామి గొంతు మోగుతోంది. సతుల గురించీ, పతుల గురించీ, యముడి గురించీ చెబుతున్నాడు. సుకన్య జీపు వైపు నడిచింది. నడుస్తుంటే ఆమెకు విచిత్రంగా హరి మీద జాలి వేసింది. నన్ను మోసం చేసినట్టే ఆయన్నీ చేశారు, కన్నతల్లీ తోబుట్టువూ కలిసి దాచారు, ఈ మాట వింటే ఆ రోగిష్ఠి మనిషి ఎలా తట్టుకుంటాడో అనుకుంది. ఇంత బతుకులో తనతోపాటు మోసపోయినవాడు ఒకడున్నాడన్నదే ఆమెకు దొరికిన ఊరట. ఆ ఊరట జీపు తలుపుదాకా ఉంది.

హరి వెనక సీట్లో ఒరిగి, తడిగుడ్డతో పెదవులు అద్దుకుంటున్నాడు. నీళ్ళు తాగకూడదు. రోజుకెన్ని గుక్కలో కొలిచి ఇచ్చేది సుకన్యే. మొహం ఉబ్బి, కళ్ళు సన్నగా అయిపోయాయి. ఆమె తలుపు పట్టుకుని నిలబడి, విన్నదంతా చెప్పింది. చెబుతూ అతని చెయ్యి కూడా పట్టుకుంది.

అతను ఉలిక్కిపడలేదు. తడిగుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“అమ్మకు తొందరెక్కువ” అన్నాడు. “సోమారం దాటినంక చెల్లిద్దామన్న. వినలే.”

సుకన్య అతని చెయ్యి వదిలేసింది. చేతికేదో అంటినట్టు చీరకు తుడుచుకుంది.

“నీకెరికేనా?”

“రమ ఇస్తననే అన్నది. మొదలు అమ్మ గూడ ఏడ్సుకుంట సరే అన్నది. నేనే వద్దన్న.”

“నువ్వా?”

“నేనే. అడిగినవ్ గనక చెప్తాన. ఎన్నడన్న తెలిసేదే.” అతను సీటులో కొంచెం లేచి కూర్చున్నాడు. ఊపిరి అందక ఆగి ఆగి మాట్లాడాడు, కానీ మాటలు ఎప్పటినుంచో మనసులో పేర్చి పెట్టుకున్నవిలా వరసగా వచ్చాయి. “నువ్వు నా కోసం అచ్చినవా సుకన్యా? నేను సస్తనని అచ్చినవ్. నేను మంచిగైన్ననుకో, మళ్ళ బిడ్డను పట్టుకొని కాజీపేట పోతవ్. పోతవా, పోవా?”

పోవాలని ఆమె ఎన్నోసార్లు అనుకున్న మాట నిజమే. అతనికి నయమయ్యాక పోవాలని. అతను ఆమె కళ్ళలోకి చూసి ఆ జవాబు చదువుకున్నాడు.

“రమది పెడితే నేను బతుకుత. నీది పెడితే నువ్వు ఉంటవ్. నీ ముక్క నా ఒంట్ల ఉంటే ఎక్కడికి పోతవ్? పోయినా ఎవలు పోనిస్తరు?”

“సోమారం నేను ఇయ్యనంటే?”

హరి షామియానా వైపు చూపించాడు. అన్ని టీషర్టులూ, అన్ని నవ్వులూ, బ్యానరు, కెమెరా. “అంటవా? గంత మంది కడుపుల మీద నీ బొమ్మ ఉన్నంక అంటవా? రేపు పేపర్ల అస్తది. కొత్తవాడల తలకాయ ఎత్తుకొని తిరుగుతవా? మొగుణ్ణి సంపిందంటరు. నీ బిడ్డ బడికి పోతే, గీ పొల్ల తల్లే సంపింది అంటరు.” అతని ఉబ్బిన మొహంలో చిన్న నవ్వు కదిలింది. అది గెలిచినవాడి నవ్వు. “ఈ నడక కుమారస్వామి సార్‌కు తోచింది కాదు. నేనే పోయి ఆయన కాళ్ళు మొక్కిన. టీషర్టు మీద బొమ్మ ఎయ్యిమన్నది నేనే.”

ఒకప్పుడు అతను నాడె విసిరాడు. ఇంత దెబ్బ అప్పుడు తగలలేదు. నాడె మత్తులో విసిరాడు, ఇది తెలివిలో విసిరాడు. సుకన్యకు ఏడుపు రాలేదు. తను ఇన్నాళ్ళూ గుక్కలు కొలిచి నీళ్ళు పోసింది ఎవరి గొంతులోనో ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ తెలియడంలో ఆమె లోపల భయమన్నది ఒకటి ఉండేది కదా, అది ఎక్కడికి పోయిందో కనిపించలేదు.

“ఇప్పుడు మన త్యాగమూర్తి సుకన్యమ్మ రెండు మాటలు మాట్లాడుతది” అని మైకులో వినిపించింది. చప్పట్లు కొట్టారు. ఎవరో వచ్చి ఆమె మెళ్ళో మోదుగపూల దండ వేశారు. దారిలో విరిచిన పూలే.

“పో” అన్నాడు హరి. “మంచిగ మాట్లాడు.”

ఆమె పోయింది. వేదిక మెట్లెక్కి మైకు ముందు నిలబడింది. ఎదురుగా వరసలు వరసలుగా తన మొహమే. మచ్చ లేని మొహం. ఉప్మా మరకలు పడిన మొహం. పైన ఉన్న అసలు మొహాలు ఫోన్లు ఎత్తి పట్టుకున్నాయి. గద్దె పక్కన లింగమ్మ రమను తరాజులోంచి దింపి, దండ తీసేస్తూ ఇటే చూస్తోంది. జీపు తలుపు తెరిచి ఉంది.

“అందరికి దండం” అంది సుకన్య. “నా కోసం అడివిల ఇంత దూరం నడిసిన్రు. ఒక్కటే మాట చెప్త. మీరు ఏసుకున్న అంగీల మీద బొమ్మ తప్పు పడ్డది.”

కుమారస్వామి పెద్దగా నవ్వి మైకులోకి వంగాడు. “ఫోటో మంచిగ రాలేదంటాంది చెల్లె. ఆడోళ్ళు ఆడోళ్ళే.” జనమంతా నవ్వారు. నడుము నొక్కి చూసినామె అందరికన్నా గట్టిగా నవ్వింది.

సుకన్య నవ్వులు ఆగేదాకా నిలబడింది. తరువాత చెయ్యి ఎత్తి గద్దె వైపు చూపించింది.

“ఆయనకు మంచిగ కలిసింది నాది కాదు. ఆ పిల్లది. ఇప్పుడే గద్దె మీది తల్లి ముంగట బంగారం ఎత్తుకున్నది, చూడుండ్రి, తరాజుల బెల్లం ఇంక అట్లనే ఉన్నది. మనుషులకు చెప్పని ముచ్చట దేవతకు చెప్పిన్రు. నేను గూడ ఆమె ముంగటనే అడుగుతాన. రమా, నిజమా, అబద్ధమా?”

అన్ని తలలూ ఒక్కసారి అటు తిరిగాయి. అన్ని ఫోన్లూ తిరిగాయి. లింగమ్మ రమ చెయ్యి గట్టిగా పట్టుకుని, “నడువే, జీపెక్కు” అని లాగింది. జీపులోంచి హరి గొంతు చించుకుని ఏదో అరిచాడు. ఊపిరి చాలక ఆ మాట సగంలోనే తెగిపోయింది.

రమ జీపు వైపు రెండడుగులు వేసింది. ఆగింది. తల్లి వేళ్ళు ఒక్కొక్కటీ విడిపించుకుంది. చెమటకు నుదుటి పసుపు చెంపల మీదికి కారుతుండగా, కింద కూర్చున్న జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ నేరుగా వేదిక దగ్గరికి వచ్చి, మెట్లెక్కి, వదిన ముందు నిలబడి, మైకు కోసం చెయ్యి చాచింది.